బెంగళూరు చిత్ర సంతెలో బొమ్మలు అమ్మడం: ఒక అనంతపురం చిత్రకారిణి సమీక్ష

చిత్ర సంతెకు వెళ్తే బొమ్మలు అమ్ముడవుతాయా, ఖర్చులు పోను ఏమైనా మిగులుతుందా అని మా ఊళ్లో బొమ్మలు వేసేవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకేచోట రాసేస్తే నయం అనిపించింది. ముందే తేల్చి చెబుతాను. జనం చేత్తో పట్టుకుని పోగలిగేంత చిన్న బొమ్మలు వేసేవాళ్లయితే, పొద్దున్నుంచి చీకటి పడేదాకా నిలబడి ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడే ఓపిక ఉంటే, తప్పకుండా వెళ్లండి. ఆరడుగుల కాన్వాసులు వేసి, పక్కన మౌనంగా కూర్చోవడమే గౌరవం అనుకునేవాళ్లు చూడటానికి వెళ్లండి. అమ్మడానికి మాత్రం వేరే దారి చూసుకోండి.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. బెంగళూరు కుమారకృపా రోడ్డులో కర్ణాటక చిత్రకళా పరిషత్తు ఉంది. 1960లో పుట్టిన సంస్థ. వాళ్లు 2003 నుంచి ఏటా ఒక ఆదివారం, మామూలుగా జనవరి మొదట్లో, ఆ రోడ్డు మీద బండ్లు ఆపించి దాన్నంతా బొమ్మల బజారుగా మార్చేస్తారు. అదే చిత్ర సంతె. చాలా రాష్ట్రాల నుంచి దాదాపు 1500 మంది చిత్రకారులు వస్తారు. చూడటానికి వచ్చేవాళ్లు లక్షల్లో ఉంటారు. వంద రూపాయల బొమ్మ నుంచి లక్షల రూపాయల బొమ్మ దాకా అదే రోడ్డు మీద ఉంటుంది. కరోనా కాలంలో 2021లో ఆన్‌లైన్లో నడిపారు. 2022లో జనవరి పోయి మార్చికి జరిగింది. ఏటా ఎవరికో ఒకరికి అంకితమిస్తారు. 2019లో గాంధీజీకి, 2020లో రైతులకు, 2024లో ఇస్రో శాస్త్రవేత్తలకు, 2025లో ఆడపిల్లలకు. అంకితం ఎవరికైనా మన బొమ్మలు మనవే. ఇస్రో ఏడాదని చెప్పి నేను రాకెట్లు వేయలేదు, నా వేరుశెనగ చేల బొమ్మలే తీసుకెళ్లాను, అవే అమ్ముడుపోయాయి.

నేను నీటి రంగుల మనిషిని. మా జిల్లాల రాళ్లు, గుట్టలు, వేపచెట్లు, లేపాక్షి నంది, తాడిపత్రి చింతల వెంకటరమణస్వామి గుడిలోని రాతి రథం, కదిరి పక్కన తిమ్మమ్మ మర్రిమాను, ఇవే నా సరుకు. చిత్ర సంతెకు పోవడం మొదలుపెట్టక ముందు ఒక ప్రైవేటు గ్యాలరీ ద్వారా అమ్మేదాన్ని. పేరు ఇక్కడ అనవసరం. అమ్మిన ధరలో సగం వాళ్లు ఉంచుకునేవాళ్లు. దాన్ని నేను తప్పు పట్టను. అద్దె ఉంటుంది, లైట్లుంటాయి, మనుషులుంటారు. మిగతా సగం చేతికి రావడానికి నెలల తరబడి ఫోన్లు చేయాల్సి వచ్చేది, అది చిరాకే. అంతకంటే నన్ను ఎక్కువ కష్టపెట్టింది ఇంకోటి. బొమ్మ ఎవరు కొన్నారో చెప్పేవాళ్లు కాదు. అడిగితే "మా క్లయింట్ మేడమ్" అని ఊరుకునేవాళ్లు. నెల రోజులు కూర్చుని వేసిన తాడిపత్రి రథం ఒకటి అలా వెళ్లిపోయింది. ఏ ఊళ్లో ఉందో, హాల్లో ఉందో, ఏ ఆఫీసు స్టోరు రూములో గోడకు ఆనించి ఉందో నాకు ఈనాటికీ తెలియదు.

చిత్ర సంతెలో మధ్యన ఎవరూ ఉండరు. బొమ్మ మన చేతిలోంచి నేరుగా కొనేవాళ్ల చేతిలోకి వెళ్తుంది, డబ్బు వాళ్ల చేతిలోంచి మన చేతికొస్తుంది. పేరున్న పెద్ద ఆర్ట్ ఫెయిర్లలో ఇది కుదరదు. ఢిల్లీలో 2008లో మొదలైన ఇండియా ఆర్ట్ ఫెయిర్ లాంటి చోట్ల స్టాళ్లు ప్రధానంగా గ్యాలరీలవి. అనంతపురం నుంచి ఒక డ్రాయింగ్ టీచరు నాలుగు బొమ్మలు చంకన పెట్టుకుని వస్తానంటే అక్కడ ఆమెకు చోటెక్కడ? ఇక్కడ ఆమె పక్కనే కాలేజీ కుర్రాడు ఉంటాడు, ఆ పక్కన జాతీయ అవార్డు తీసుకున్నాయన ఉంటాడు. ముగ్గురికీ అదే ఎండ.

దరఖాస్తు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పరిషత్తు ప్రకటన ఇచ్చాక బొమ్మల ఫోటోలతో పంపాలి, ఎంపిక చేసి చెబుతారు. ఫోటోలు మాత్రం పగటి వెలుతురులో, బొమ్మకు ఎదురుగా, వంకర లేకుండా తీయండి. ట్యూబ్‌లైటు కింద తీసిన ఫోటోలో నీటి రంగు పచ్చగా జబ్బుపడ్డట్టు ఉంటుంది.

ఇక సరుకు సర్దుకోవడం. అనంతపురం నుంచి బెంగళూరు రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు, హైవే మీద నున్నగా పోతాం. అయినా అద్దం వేసిన ఫ్రేములు నేను తీసుకెళ్లను. బస్సు డిక్కీలో ఒక్కటి పగిలినా ఆ గాజు పెంకులు పక్క బొమ్మల కాగితాలను కోసేస్తాయి. ఫ్రేముకు బదులు మౌంటు వేసుకెళ్తాను. ఆసిడ్ లేని మౌంటు బోర్డు మధ్యలో కిటికీ కోసి, దాని వెనక బొమ్మ అతికించి, పైన పారదర్శకమైన కవరు. ఏ4 సైజు బొమ్మకు 12 అంగుళాలు, 16 అంగుళాల మౌంటు వేస్తే బజారులో దొరికే రెడీమేడ్ ఫ్రేములో నేరుగా కూర్చుంటుంది. ఈ మాట కొనేవాళ్లకు చెబితే సగం బేరం అక్కడే తెగుతుంది. ఎందుకంటే వాళ్ల భయం బొమ్మ ధర గురించి కాదు, తర్వాత ఫ్రేము కట్టించేవాడు ఎంత అడుగుతాడో అని.

కిందటిసారి ఒక పెద్దాయన ఏ4 బొమ్మ పట్టుకుని పది నిమిషాలు నిలబడ్డాడు. కొంటాడా లేదా అని మాకు టెన్షన్. చివరకు అడిగింది ఒక్కటే, "ఫ్రేముకు ఎష్టాగుత్తె?" ఫ్రేముకు ఎంతవుతుందని. రెడీమేడ్‌ది సరిపోతుందని చెప్పగానే జేబులోంచి పర్సు తీశాడు.

పొద్దున్నే చలి ఉంటుంది. బెంగళూరు జనవరి చలి మాలాంటి అనంతపురం వాళ్లకు బాగానే తెలుస్తుంది. తెల్లారకముందే వెళ్లి ఇనుప జాలీ స్టాండు నిలబెట్టి, క్లిప్పులతో బొమ్మలు తగిలించి, కింద ఇటుకలు కట్టి బరువు పెట్టుకోవాలి. గాలి లేదు కదా అనుకోవద్దు. గాలి లేకపోయినా జనం భుజాలు తగులుతాయి, సాయంత్రానికి అదే పెద్ద గాలి. మా చెల్లెలి కొడుకు బెంగళూరులోనే చదువుతున్నాడు, సాయానికి వస్తాడు. "పెద్దమ్మా, నువ్వు మాట్లాడు, డబ్బుల సంగతి నేను చూసుకుంటా" అని వాడే పని పంచేశాడు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఇది కష్టం. కనీసం భోజనానికి, బాత్రూముకు వెళ్లొచ్చే సేపు నమ్మకంగా కూర్చునే మనిషి ఒకరు కావాలి.

ఇప్పుడు అసలు సంగతి, కొనేవాళ్లు. రోజంతా ఒకే రకం జనం రారు. పొద్దున ఏడున్నర, ఎనిమిదికి వచ్చేవాళ్లు నిజంగా కొనడానికి వచ్చేవాళ్లు. వాకింగ్ బూట్లు, చేతిలో గుడ్డ సంచి, తొందర లేదు. స్టాలు ముందు నిలబడి బొమ్మను దగ్గరగా చూస్తారు, రెండడుగులు వెనక్కి వేసి చూస్తారు, ఒక్క ప్రశ్న అడుగుతారు. వీళ్లే బోణీ చేస్తారు. పదకొండు దాటాక కుటుంబాలు దిగుతాయి, పిల్లలు బొమ్మలను వేలితో తాకుతారు, తల్లులు వద్దంటారు, తండ్రులు పార్కింగు ఎంత దూరంలో పెట్టారో ఫోన్లో ఎవరికో చెబుతుంటారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా గుంపు విపరీతం, అమ్మకం తక్కువ. మనిషి ఆగి చూద్దామన్నా వెనకున్న గుంపు ఆగనివ్వదు. ఆ వేళ నేను కుర్చీలో కూర్చుని చిన్న స్కెచ్చులు వేస్తుంటాను. వేస్తూ ఉంటే జనం ఆగుతారు, ఊరికే కూర్చుంటే ఆగరు. సాయంత్రం ఐదు తర్వాత కుర్రజంటలు, హాస్టలు పిల్లలు. వీళ్లు మూడు వందలు, ఐదు వందల లోపు చూస్తారు. పోస్టుకార్డు సైజు బొమ్మలు కట్టగా తెచ్చుకునేది వీళ్ల కోసమే.

నా ధరలు దాచేవి కావు. చదరపు అంగుళానికి 20 రూపాయలు లెక్క. ఏ4 బొమ్మ 1900 దాకా వస్తుంది. 15 అంగుళాలు, 22 అంగుళాల హాఫ్ షీటు 6600. పోస్టుకార్డులు మాత్రం ఏదైనా 300. ప్రతి బొమ్మకు ధర చీటీ అంటిస్తాను. చీటీ లేకపోతే సగం మంది అడగడానికే మొహమాటపడి వెళ్లిపోతారు, మిగతా సగం మంది మన చీర చూసి ధర ఊహించుకుంటారు. రోజు అయ్యేసరికి పోస్టుకార్డులు దాదాపు ఖాళీ, ఏ4లు సగానికి పైగా పోతాయి, హాఫ్ షీట్లు ఒకటో రెండో. 22 అంగుళాలు, 30 అంగుళాల ఫుల్ షీటును అందరూ మెచ్చుకుంటారు, దాని ముందు నిలబడి సెల్ఫీ తీసుకుంటారు, పక్కనున్న ఏ4 కొనుక్కుని పోతారు. అది జనం చేతి కొలత. మెట్రోలో, ఆటోలో, స్కూటరు మీద పట్టుకుపోగలిగినదే కొంటారు. పెద్ద బొమ్మ మాత్రం స్టాలుకు బోర్డులా పనికొస్తుంది.

బేరం ఆడతారు. "స్వల్ప కడిమె మాడి మేడమ్" అన్న మాట రోజుకు ఎన్నిసార్లు వింటానో లెక్కలేదు. కొంచెం తగ్గించండి, అంతే. అందులో అవమానం ఏమీ లేదు. మనం చీర కొనేటప్పుడు ఆడమా? నేను ఒక్క బొమ్మ మీద తగ్గించను, రెండు తీసుకుంటే ఒక పోస్టుకార్డు కలిపి ఇస్తాను. దీంతో చాలా మంది సంతోషంగా వెళ్తారు. కష్టమల్లా మనవాళ్లతోనే. ఒక జంట లేపాక్షి నంది బొమ్మ చూసి ఆగారు. ఆ అబ్బాయి వైట్‌ఫీల్డులో సాఫ్ట్‌వేరు. "మీది అనంతపురమా అక్కా? మాది హిందూపురమే" అన్నాడు. హిందూపురం అంటే లేపాక్షికి పదిహేను కిలోమీటర్ల దూరం, ఆ నందిని చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకుపోతే ఎక్కి కూర్చున్నాడంట. అంతా విని, సంతోషపడి, ధర దగ్గరికి వచ్చేసరికి "మనూరోళ్లమే కదక్కా, వెయ్యికి ఇచ్చేయి" అన్నాడు. పక్కనే ఉన్న ఆయన భార్యే కోప్పడింది. "మనూరోళ్లని ఎక్కువిచ్చేది పోయి తక్కువడుగుతావా?" అంది. 1900 ఇచ్చే తీసుకున్నారు. పోస్టుకార్డు కూడా కలపనివ్వలేదు ఆమె.

నాకు ఎక్కువ గుర్తుండిపోయింది ఒక పొద్దుటి బేరం. గళ్ల చొక్కా వేసుకున్న ఒక రిటైర్డు మనిషి వేరుశెనగ చేను బొమ్మ ముందు ఆగాడు. నా బొమ్మల్లో అంత ఆకర్షణ లేనిది అదే. ఎర్రనేల, పలచగా చెట్లు, వెనక గుట్ట. "ఇది సెప్టెంబరు కదమ్మా?" అని కన్నడంలో అడిగాడు. అవునన్నాను. "ఆ ఏడు వాన తప్పింది కదా" అన్నాడు. నేను నోరు తెరిచి చూస్తున్నాను. వ్యవసాయ శాఖలో పనిచేసి, చళ్లకెర వైపు చాలాకాలం ఉన్నాడంట. అది కూడా వేరుశెనగ ప్రాంతమే. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు తడి లేకపోతే కింది ఆకులు ఎలా పండుబారతాయో నేను చూసి వేశాను, అది ఆయన చదివేశాడు. నా బొమ్మను అంత సరిగ్గా చూసిన మనిషి ఏ ప్రదర్శన హాల్లోనూ తగల్లేదు. బేరం ఆడలేదు. కవరు మీద నా సంతకం, ఊరి పేరు రాయించుకుని వెళ్లాడు.

ఇంకొకామె ఫోన్లో తన హాలు ఫోటో తెచ్చింది. లేత బూడిద రంగు సోఫా, తెల్ల గోడ. ఒక్కో బొమ్మ పక్కన ఫోను పెట్టి చూసుకుంది. సోఫాకు మ్యాచింగ్ కోసం బొమ్మ కొంటారని మా చిత్రకారులు వెక్కిరిస్తుంటారు. నాకు ఆ వెక్కిరింపు నచ్చదు. ఆ గోడను రోజూ చూసేది ఆమె. ఆమె ఎదుట రెండు బొమ్మలు నేనే తీసి పక్కన పెట్టాను, ఎర్రమట్టి ఎక్కువున్నవి ఆ గదిలో అరుస్తాయని. చివరకు మబ్బుపట్టిన పెనుకొండ గుట్టల బొమ్మ తీసుకుంది. రెండు వారాల తర్వాత గోడ ఫోటో పంపింది. ఫ్రేము నేను చెప్పినదానికంటే సన్నగా కట్టించింది, అదే బాగుంది.

విసిగించేవాళ్లూ ఉంటారు. బొమ్మను ఫోటో తీసుకుని "మా పాపతో ఇట్లాంటిదే వేయిస్తాం" అని మన ఎదుటే చెప్పి వెళ్లేవాళ్లు, "ఇది ఎంత సేపట్లో వేశారు?" అని అడిగి, గంటకు కూలి లెక్కగట్టేవాళ్లు, అన్ని ధరలూ వరసగా అడిగి ఏదీ చూడకుండా పోయేవాళ్లు. ఫోటోలు తీయొద్దని బోర్డు పెట్టుకునే చిత్రకారులు ఉన్నారు. నేను పెట్టను. లక్షల మంది చేతిలో ఫోన్లున్న చోట కాపలా కాస్తూ కూర్చుంటే అమ్మేదెప్పుడు?

"ఇది ప్రింటా, చేత్తో వేసిందా?" అన్న ప్రశ్న ఏటికేడు పెరుగుతోంది. డిజిటల్ ప్రింటు మీద వార్నిష్ పూసి అమ్మేవాళ్లు ఎక్కడైనా ఉంటారు కాబట్టి ఆ అనుమానాన్ని తప్పు పట్టలేం. నీటి రంగుకు ఒక వెసులుబాటు ఉంది. మౌంటు కవరులోంచి తీసి ముందూ వెనకా చూపిస్తాను. 300 జీఎస్ఎం కాటన్ కాగితం, అంటే బాగా మందంగా ఉండేది, అయినా రంగు తడికి కొంచెం అలలుగా లేస్తుంది, కింద పెన్సిలు గీతలు కనబడతాయి, అంచు దగ్గర రంగు ఆరిన చోట ముదురు గీత ఉంటుంది. ప్రింటులో ఈ మూడూ కలిసి దొరకవు. నా పక్క స్టాలులో ఒకసారి శ్రీకాళహస్తి కలంకారీ ఆయన ఉన్నాడు. ఆయనకు ఇదే ప్రశ్న ఇంకా ఘోరంగా ఎదురైంది, ఎందుకంటే అచ్చులతో అద్దే బందరు కలంకారీని చూసి అన్నీ అద్దకమే అనుకుంటారు. వెదురు కలంతో గీసింది అని రోజంతా చెప్పి చెప్పి, మధ్యాహ్నానికి మాటలు మానేసి గుడ్డను వాసన చూడమని చేతికి ఇవ్వడం మొదలుపెట్టాడు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ వాసన మరి దేనికీ రాదు. ఆ ఉపాయం పనిచేసింది. నాకు నవ్వొచ్చింది గానీ ఆయన ముఖం మాత్రం చాలా సీరియస్‌గా ఉంది.

రంగు వెలిసిపోతుందా అని అడిగేవాళ్లకు నిజం చెప్పాలి. నీటి రంగుల్లో కొన్ని వెలుస్తాయి. అలిజరిన్ క్రిమ్సన్ అనే ఎరుపు, ట్యూబు మీద పీఆర్ 83 అని రాసి ఉంటుంది, వెలుతురులో పెడితే కొన్నేళ్లకే పాలిపోతుంది. మట్టి రంగులు, ఓకర్, బర్న్‌ట్ సియెన్నా లాంటివి గట్టివి. మా రాయలసీమ బొమ్మలకు అవే ఎక్కువ పడతాయి, అది నా అదృష్టం. ఒక కాగితం మీద నేను వాడే రంగులన్నీ పట్టీలుగా పూసి, సగం నల్ల కాగితంతో మూసి మా కిటికీలో ఏడాది ఉంచాను. ఆ కాగితం స్టాలులో పెట్టుకుంటాను. వెలిసినవి ఏవో, నిలిచినవి ఏవో వాళ్లే చూసుకుంటారు. నేరుగా ఎండ పడే గోడకు తగిలించొద్దని మాత్రం అందరికీ చెబుతాను.

డబ్బుల సంగతి. అందరూ ఫోనులోనే చెల్లిస్తామంటారు. మధ్యాహ్నం గుంపు ముదిరాక సిగ్నలు ఆడదు. అంతమంది ఒకే రోడ్డు మీద నిలబడితే ఏ కంపెనీ సిగ్నలైనా అంతే. చక్రం తిరుగుతూ ఉంటుంది, వెనకాల ఇంకొకరు ఎదురుచూస్తుంటారు. మా వాడు రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు, రెండు క్యూఆర్ కోడ్లు పెట్టాడు. డబ్బు పడినట్టు వాళ్ల ఫోను చూపిస్తే నమ్మొద్దు, మన ఫోనుకు మెసేజు వచ్చాకే బొమ్మ ఇవ్వండి. మంచివాళ్లే అయినా తెలియకుండా ఫెయిల్ అవుతుంది. చిల్లర, వంద నోట్లు ఇంటి నుంచే తెచ్చుకోవాలి.

పక్క స్టాళ్ల వాళ్లతో కబుర్లు ఆ రోజుకు దొరికే ఇంకో లాభం. మైసూరు శైలి బొమ్మలు వేసే ఒకావిడ దగ్గర బంగారు రేకు అంటించే పనిలో కిటుకులు విన్నాను. తంజావూరు బొమ్మల్లో బంగారు రేకు కింద వేసే సుద్ద పని లావుగా లేచి, రాళ్లు పొదిగి ఉంటుంది, మైసూరు పనిలో అది పలచగా, దాదాపు గీతలా ఉంటుంది. పక్కపక్కన పెట్టి చూసేదాకా ఆ తేడా నా కంటికి ఆనలేదు. మా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్లు కనబడితే మన ఊరి మాట వినబడ్డట్టే. వాళ్ల తోలు దీపాలు సాయంత్రం వెలిగించగానే జనం అటే పోతారు, మాలాంటి కాగితం బొమ్మల వాళ్లం ఊరికే చూస్తూ కూర్చోవాలి. అప్పటికప్పుడు ముఖం గీసిచ్చే స్కెచ్ ఆర్టిస్టుల ముందు ఎప్పుడూ క్యూ ఉంటుంది. రోజు సంపాదనలో వాళ్లను కొట్టేవాళ్లు లేరని నా అనుమానం.

బొమ్మలు అమ్మేవాళ్లు పరిషత్తు లోపలి గ్యాలరీలు చూడటం ఆ రోజు కుదరదు. ఒక రోజు ముందే వెళ్లి చూడండి. రష్యా నుంచి వచ్చిన చిత్రకారులు నికొలాయ్ రోరిక్, ఆయన కొడుకు స్వెతొస్లావ్ రోరిక్ చిత్రాలకే ప్రత్యేకంగా గ్యాలరీ ఉంది. స్వెతొస్లావ్ బెంగళూరు శివార్లలోనే చాలాకాలం ఉన్నాడు. ఆయన భార్య, పాతకాలపు హిందీ సినిమా నటి దేవికారాణి మన వాల్తేరులో పుట్టిందని చెబితే బెంగళూరు వాళ్లే ఆశ్చర్యపోతారు. హిమాలయాల మంచును ఆ తండ్రీకొడుకులు ఎన్ని నీలాలతో వేశారో చూస్తే, మట్టి రంగులు తప్ప పట్టని నాలాంటిదానికి కూడా ఒక నీలం ట్యూబు కొనాలనిపిస్తుంది. కొన్నాను. ఇంకా మూత తీయలేదు. పరిషత్తు స్థాపకుల్లో ఒకరైన ఎం.ఎస్. నంజుండరావు సేకరించిన తోలుబొమ్మలు కూడా అక్కడున్నాయి, అవి వదలొద్దు. ఆ రోడ్డుకే ఓ చరిత్ర ఉంది. కుమారకృప అంటే మైసూరు దివాను శేషాద్రి అయ్యర్ ఇల్లు. 1927లో గాంధీజీ ఒంట్లో బాగాలేక విశ్రాంతికి వచ్చినప్పుడు అక్కడ ఉన్నారు.

ఆదాయం ఆ ఒక్క ఆదివారంతో అయిపోదు. ప్రతి కవరులో నా పేరు, ఊరు, ఫోన్ నంబరు ఉన్న చిన్న కార్డు పెడతాను. ఫిబ్రవరి, మార్చిల్లో ఫోన్లు వస్తాయి. గృహప్రవేశానికి ఒకటి కావాలని, కిందటి బొమ్మకు జతగా ఇంకొకటి కావాలని. తిమ్మమ్మ మర్రిమాను కొన్న ఒకాయన ఉగాదికి ముందు ఫోన్ చేసి, "మేడమ్, మేము నిజం చెట్టు చూడటానికి కదిరి వెళ్తున్నాం, అక్కడ భోజనం ఎక్కడ బాగుంటుంది?" అని అడిగాడు. గ్యాలరీ రోజుల్లో ఇలాంటి ఫోను ఒక్కటీ రాలేదు. డబ్బు లెక్కలో చూసినా, సంత రోజు అమ్మకం ఎంతో, ఆ తర్వాత ఆర్డర్లు ఇంచుమించు అంత.

చిన్న చిన్న సంగతులు. మజ్జిగ సీసా, టోపీ, మడత కుర్చీ తప్పనిసరి. మధ్యాహ్నం ఎండ చెట్టు నీడ లేని చోట నేరుగా బొమ్మల మీద పడుతుంది, పలచటి తెల్ల గుడ్డ ఒకటి పెట్టుకోండి. కవరు లోపల ఆవిరి పట్టకుండా కూడా అది పనికొస్తుంది. ముందురోజు రాత్రికే బెంగళూరు చేరండి, ఆదివారం తెల్లవారుజామున బస్సు దిగి నేరుగా వచ్చేద్దామనుకుంటే స్టాండు కట్టేసరికి ఆ పొద్దుటి గుడ్డ సంచుల వాళ్లు దాటిపోతారు. ఆటో ఆ రోడ్డులోకి రాదు, సామాను కొంతదూరం మోయాలి, అందుకని చక్రాల బండి ఉంటే మంచిది. ప్యాకింగుకు అట్టలు, సుతిలి తాడు దండిగా తీసుకెళ్లండి. బొమ్మ నచ్చి కూడా, పట్టుకుపోవడానికి వీలుగా కట్టిచ్చేదాకా మనసు కుదరనివాళ్లు ఉంటారు.

వచ్చే జనవరికి నా సర్దుబాటు ఇలా అనుకుంటున్నాను. పోస్టుకార్డులు ఇంకా ఎక్కువ, ఏ4 వేరుశెనగ చేలు, పెనుకొండ గుట్టలు, లేపాక్షి నంది తలా కొన్ని, హాఫ్ షీట్లు నాలుగైదు, బోర్డులా నిలబెట్టడానికి ఒక్క ఫుల్ షీటు మర్రిమాను. చదరపు అంగుళానికి 20 కాస్తా 22 చేస్తాను, కాటన్ కాగితం ధర పెరిగింది.